గంజి పెట్టిన బొంత కోటు

మా మనవరాలు యుద్ధానికి పోతానని చెప్పిన రోజు నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. పులుసు చెయ్యి అలాగే పెట్టుకుని వెనక్కి తిరిగి చూశాను. పదహారేళ్ల పిల్ల. కిరాణా సంచి రెండో అంతస్తుకు మోసుకు రమ్మంటే చెయ్యి నొప్పంటుంది. అది ఈటె పట్టుకుని వరుసలో నిలబడుతుందట.

"ఎవలతోనే యుద్ధం?" అన్నాను.

"ఎవరితో కాదు బాపమ్మా. ఫెస్ట్‌ల. మిడిల్ ఏజెస్‌ల ఎట్ల కొట్లాడిండ్రో అట్ల చేసి చూపిస్తం. నేను ఫుట్ సోల్జర్."

"గుర్రం లేదా నీకు?"

"గుర్రం రిచ్ వాళ్లకు. మాకు కాళ్లే."

ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది కదా అని మళ్లీ చింతపండు వైపు తిరిగాను.

మా కరీంనగర్ వైపు నాయన తల్లిని బాపమ్మ అంటాం. మనవరాలు పుట్టింది ఇక్కడ జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లోనే అయినా ఆ పిలుపు మాత్రం నేను మారనివ్వలేదు. నా కొడుకు కార్ల ఇంజనీరు, కోడలు కంప్యూటర్ పని. ఏడాదికి మూడు నెలలు నేను వచ్చి వాళ్ల దగ్గర ఉంటాను. ఆ మూడు నెలలూ ఇంట్లో ఒక్క లైటు ఉత్తగా వెలగదు, ఒక్క కొత్తిమీర కాడ చెత్తబుట్టలో పడదు. నేను వెళ్లిపోయిన రోజు ముగ్గురూ ఊపిరి పీల్చుకుంటారని నాకు తెలుసు. పీల్చుకోనీ.

ఇక్కడికి అరగంట దూరంలో డాన్యూబ్ నది ఒడ్డున పాత కోటగోడ ఉన్న చిన్న ఊరొకటి ఉంది. ప్రతి ఎండాకాలం అక్కడ ఉత్సవం. పళ్ల డాక్టర్లు, టీచర్లు, బస్సు డ్రైవర్లు వందల ఏళ్ల కిందటి బట్టలు వేసుకుని, గుడారాలు కట్టుకుని, శనివారం మధ్యాహ్నం గోడ కింద పచ్చికలో యుద్ధం చేసి చూపిస్తారు. స్నేహితురాలి వెంట మా పిల్ల ఆ దళంలో చేరింది. చలికాలమంతా శనివారాలు పోయి కర్రలతో సాధన చేసింది. మోచేతుల మీద నల్లటి మచ్చలతో ఇంటికొచ్చేదని కోడలు ఫోన్లో చెబితే, "చదువుకునే పిల్లకు కర్రలెందుకు, మానిపియ్యి" అన్నది నేనే. మానలేదు.

ఇప్పుడు చిక్కు వచ్చింది. వరుసలో నిలబడే ప్రతి ఒక్కరికీ దెబ్బ తగలకుండా మందపాటి బట్ట కోటు ఉండాలి. ఉత్సవం రోజు పొద్దున కోంట్రోలె. అంటే తనిఖీ. కోటు సరిగా లేకపోతే వరుసలోకి రానివ్వరు, గుడారం దగ్గర నీళ్లు అందించాల్సిందే. దళంలో అరువిచ్చే కోట్లు ఉన్నాయి కానీ అవన్నీ జర్మనీ మగవాళ్ల కొలతలు. ఒక దాంట్లో మా పిల్లతోపాటు నేనూ పడతాను. అంగట్లో దొరికేవి స్పాంజి కుక్కి మిషన్ మీద కుట్టినవి. పాతకాలంలో లేనిది ఏదీ వాళ్లు ఒప్పుకోరు.

"సిక్స్ మంత్స్ ప్రాక్టీస్ చేసిన బాపమ్మా," అని పిల్ల ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. కళ్లలో నీళ్లు. "చూడు, ఇట్లాంటిది కావాలె. ఎవరు కుడతరు?"

చెయ్యి కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. పాత బొమ్మ. అందులో బక్కగా ఒక సిపాయి. మోకాళ్ల దాకా కోటు, దాని మీద పైనుంచి కిందికి వరుసగా గీతలు. రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేశాను. గీతలు కావవి. కుట్లు.

"గిది బొంత గదనే!" అన్నాను.

నాలుగో తరగతిలో బడి మానిపించాక నా చేతికి వచ్చిన మొదటి పని బొంత కుట్టడం. అప్పటి నుంచి ఎన్ని కుట్టానో. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, దూరం దూరంగా టాకాలు వేసి, అంచు నుంచి అంచుకు సన్నకుట్టు వేసుకుంటూ పోవడం. చలికి కప్పుకునేదాన్ని యుద్ధానికి తొడుక్కుంటారని మాత్రం ఆ రోజే విన్నాను. ఇనుప చొక్కాలు దొరలకేనట. కాలినడకన పోయేవాడికి బట్ట మీద బట్ట వేసి కుట్టిన కోటే దిక్కట.

"బట్టకు బాణం ఆగుతదా?" అని అడిగాను.

"దూరం నుంచి వస్తే ఆగుతది. లేయర్స్‌ల ఇరుక్కపోతది."

"ఇరుక్కుంటది. నా బొంతల సూదే ఇరుక్కుంటది, బాణమెంత."

ఇంకా మూడు వారాలుంది. పచ్చడి సీసాలు పగలకుండా నేను సూట్‌కేసులో చుట్టి తెచ్చిన నేత చీరలు మూడు ఉన్నాయి. కోడలు పాతబట్టల డబ్బాలో పడేద్దామని సంచిలో కట్టిపెట్టిన నూలు దుప్పట్లు ఉన్నాయి. నేను వచ్చిన మర్నాడే ఆ సంచిని మంచం కిందికి తోసేశాను కాబట్టి ఉన్నాయి. మా ఆయన పంచె ఒకటి, సీసా మూతలకు కట్టింది, అది కూడా తీశాను. పైన కనిపించే బట్ట లినెన్‌దే అయి ఉండాలన్నారు. ఆదివారం ఫ్లోమార్క్ట్‌లో, అంటే పాతసామాన్ల సంతలో, ఒక ముసలావిడ వాళ్లమ్మ నాటి లినెన్ దుప్పట్లు అమ్ముతోంది. ఆమెకు తెలుగు రాదు, నాకు జర్మన్ రాదు. ఇద్దరం వేళ్లతోనే పావుగంట బేరమాడుకున్నాం. చివరికి ఆమె నవ్వి, ఒక దిండు గలీబు కొసరేసింది.

కోడలు కొలతలు తీసి కత్తిరించింది. నేను పన్నెండు పొరలు పరిచాను. పంచెను గుండె మీదికి వచ్చే చోట వేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. లోపల ఒంటికి తగిలే పొర ఆకుపచ్చ చీరది, ఎర్రంచు తీయకుండానే.

పిల్ల సోఫాలో కాళ్లు ముడుచుకుని ఫోన్ చూస్తోంది.

"ఏందే, నీ పానం కాపాడే కోటుకు నేనే కుట్టాల్నా? దా, కూసో."

"నాకు రాదు బాపమ్మా."

"నాకు పుట్టంగనే వచ్చిందా?"

ఫోన్ తీసుకుని కందిపప్పు డబ్బాలో వేసి మూత పెట్టాను. రోజుకు అయిదు వరుసలు కుడితేనే డబ్బా తెరిచేది. మొదటి వారం దాని కుట్లు వంకర టింకరగా పోయాయి, అన్నీ విప్పించాను. "దస్ ఇస్ట్ ఉన్‌ఫెయిర్" అని, ఇది అన్యాయమని వాళ్ల భాషలో ఏడ్చింది. ఏడుస్తూనే కుట్టింది. రెండో వారానికి సూది గుచ్చుకోకుండా వేలికి తొడుగు అడగడం మానేసింది. మూడో వారం అయిదు వరుసలు అయిపోయినా డబ్బా వైపు చూడకుండా ఆరోది మొదలుపెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మంగళవారానికి కోటు పూర్తయింది. తనిఖీ శనివారం. అంతా బాగానే ఉంది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను?

కోటు తీసి నిలబెడితే మెత్తగా కూలబడింది. యుద్ధానికి పోయే బట్ట అలా ఉంటుందా అనిపించింది. మా ఊరి పోలీసుల ఖాకీ నిక్కర్లు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మనిషి లోపల లేకపోయినా నిలబడేవి. ఆ బిర్రు చూసే సగం మంది భయపడేవారు. ఇంట్లో ఎవరూ లేరు. పెద్ద గిన్నెలో అన్నం వండి గంజి వార్చాను. స్నానాల తొట్టిలో పోసి, కోటును నిండా ముంచాను.

పన్నెండు పొరలు. తొట్టిలో గంజి చూస్తుండగానే మాయమైంది. ఎత్తబోతే లేవలేదు.

సాయంత్రం కోడలు వచ్చి చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అత్తమ్మా, బొంతకు ఎవలన్న గంజి వెడ్తరా?"

"బొంతకు వెట్టరు. గిది కోటు గదా."

కరీంనగర్‌లో అయితే డాబా మీద గోడకు వేస్తే పొద్దుగూకేలోపు కరకరలాడేది. ఇక్కడ బుధవారమంతా వాన. బాల్కనీలో కుర్చీ మీద వేస్తే కింద తెల్లటి చుక్కలు కారుతూనే ఉన్నాయి. గురువారం పొద్దున పిల్ల తలుపు తీసి ముక్కు మూసుకుంది.

"ఇట్ స్టింక్స్! బాపమ్మా, పులిసిపోయింది! కోంట్రోలె ఎల్లుండి!"

అరవై దాటిన దాన్ని, పిల్ల ఆరు నెలల కష్టాన్ని గంజిలో ముంచాను. తప్పు నాదేనని ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తొట్టిలోకి దిగాను.

"నిలబడి ఏడుస్తవా, తొక్కుతవా?" అన్నాను.

పిల్ల దిగింది. తర్వాత కోడలు కూడా ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి దిగింది. ముగ్గురం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని, నీళ్లు మారుస్తూ తొక్కాం. కోడలి ఫోన్ నుంచి ఎవరో జర్మన్‌లో గంభీరంగా లెక్చరిస్తున్నారు. పిల్లకు నవ్వొచ్చింది. దాన్ని చూసి కోడలికి, వాళ్లను చూసి నాకు. నా వయసులో తొట్టిలో నవ్వుతూ నిలబడటం క్షేమం కాదు. గోడ పట్టుకుని నవ్వాను.

శుక్రవారం ఎండ కాసింది. కానీ బాల్కనీకి ఎండ తగిలేది గంటసేపే. బట్టలు ఆరబెట్టే వేడి మిషన్‌లో వేస్తే కుంచించుకుపోతుందని కోడలు వద్దంది. అప్పుడు నా కొడుకు నల్ల కారు గుర్తొచ్చింది. ఎండలో నిలిపిన కారులో కూర్చుంటే మనం అప్పడాలమవుతాం కదా.

"అవ్వా, నేను ఆఫీసుకు ఎట్ల పోవాలె?" అన్నాడు కొడుకు.

"రైలు లేదా? కోటు రైల్ల పోతే ఎండదు, నువ్వు పోవచ్చు."

వాడు రైలెక్కాడు. కోటును డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి, జారిపోకుండా బెల్టు పెట్టాం. అద్దాలు వేలెడు తెరిచి ఉంచాం. అరగంటకోసారి నేను కిందికి దిగి దాన్ని తిప్పి కూర్చోబెట్టడం. ఒకసారి దిగేసరికి కుక్కతో వచ్చిన పెద్దమనిషి ఒకాయన అద్దంలోంచి వంగి చూస్తున్నాడు. తలకాయ లేని మనిషి బెల్టు పెట్టుకుని కూర్చున్నాడాయె. నన్ను చూసి ఏదో అడిగాడు. నాకొచ్చిన నాలుగు ముక్కల్లోంచి ఏరి, "గూట్, గూట్" అన్నాను, బాగుంది బాగుంది అని. కుక్కను లాక్కుని వడివడిగా వెళ్లిపోయాడు.

సాయంత్రానికి చంకల కింద తప్ప ఆరింది. శనివారం పొద్దునకు అదీ ఆరింది. వాసన పోయింది, కానీ గంజి మొత్తం పోలేదు. కోటు చెక్కలా బిగుసుకుంది. నాకు లోపల సంతోషంగానే ఉంది.

కోటగోడ కింద తనిఖీ చేసేది తెల్లజుట్టు రెండు జడలేసుకున్న పొడుగాటి ఆవిడ. వారమంతా ఆసుపత్రిలో నర్సు పనట. బల్ల మీద ఒక్కొక్కరి సామాను పరిచి చూస్తోంది. ఈటె కర్రను వేలితో తడిమి ఒకబ్బాయిని వెనక్కి పంపింది. మా పిల్ల వంతు వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది దాని చెయ్యి.

ఆవిడ కోటును చిటికెతో నొక్కి మందం చూసింది. కుట్లు చూసింది, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసింది. తిరగేసి ఆకుపచ్చ చీర, ఎర్రంచు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఏదో అడిగింది. పిల్ల నా వైపు చూసింది.

"ఏమంటది?"

"ఎందుకింత గట్టిగున్నది అంటున్నది."

"గంజి అని చెప్పు. నేనే వెట్టిన్నని చెప్పు. దాచకు."

చెప్పింది. ఆవిడ కనుబొమ్మలు లేచాయి. కోటు తొడుక్కోమంది. తొడుక్కున్నాక కర్ర తీసుకుని భుజం మీద ఒక్కటేసింది. బొంత దులిపినట్టు చప్పుడైంది. పిల్ల కదల్లేదు. ఆవిడ తలూపింది. చేతులు పైకెత్తమంది.

ఎత్తలేకపోయింది. భుజాల దాకా వచ్చి ఆగిపోయాయి. చంక దగ్గర బట్ట కొయ్యలా అడ్డం పడింది. మొదటి వరుస వాళ్లు డాళ్లు పట్టుకుని వంగితే, రెండో వరుసలో నిలబడే మా పిల్ల వాళ్ల తలల మీదుగా ఈటె చాపాలి. చేతులు లేవకపోతే ఈటె ముందువాడి నెత్తిన పడుతుంది.

ఆవిడ చేసిన అడ్డంగీత లాంటి సైగకు తర్జుమా అవసరం లేకపోయింది. "నీళ్లు ఇస్త పో," అని పిల్ల తనలో తనే అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"యుద్ధం ఎన్ని గంటలకో అడుగు," అన్నాను.

"మూడింటికి."

"ఇప్పుడు పదకొండు. ఈమె కోటుకు చంకల ఎట్లున్నదో చూపియ్యమను."

ఆవిడ నవ్వి, తన కోటు చెయ్యెత్తి చూపింది. చంక కింద కుట్టే లేదు! అరచేయంత తెరిచి, అంచులు మడిచి కుట్టి వదిలేశారు. అంతేనా అనుకున్నాను. రవికెకు చంక ముక్క వేసిన దాన్ని, ఈ మాత్రం నాకు తట్టలేదు చూడు.

నడుముకు దోపుకునే నా చిన్న సంచిలో సూది, దారం లేకుండా నేను గడప దాటను. వాళ్ల గుడారం ముందు గడ్డిమోపు మీద కూర్చుని, కోటు ఒళ్లో వేసుకుని, చంక కుట్లు విప్పడం మొదలుపెట్టాను. పన్నెండు పొరలు, పైగా గంజి. ఆవిడ ఇనుప కత్తెర తెచ్చిచ్చి, ఒక చంక తాను తీసుకుని నా పక్కనే కూర్చుంది. పిల్ల మధ్యలో కూర్చుని ఇటు తెలుగు, అటు జర్మన్.

ఆ పాతకాలంలో ఊరి గోడకు కాపలా ఊరివాళ్లే ఉండేవారట. చెప్పులు కుట్టేవాడు, రొట్టెలు కాల్చేవాడు, అందరూ. ఇంటికో కోటు, ఇంటికో ఈటె ఉండాలట. అప్పుడప్పుడూ ఊరి పెద్దలు అందరినీ పిలిచి, ఇప్పుడు ఈవిడ చూసినట్టే చూసేవారట.

"లేకుంటే?"

"స్ట్రాఫె. జరిమానా."

"మరి ఆ కోట్లు కుట్టింది ఎవలట?"

పిల్ల అడిగింది. ఆవిడ సూది పైకెత్తి చూపించి, భుజాలు ఎగరేసింది. కొన్ని కోట్లు దర్జీలు కుట్టారట. మిగతావి ఎవరు కుట్టారో ఎవరూ రాసిపెట్టలేదట.

రాసిపెట్టకపోయినా నాకు తెలుసు. చుట్టూ చూస్తూనే ఉన్నాను కదా. ఒకామె పెద్ద కుండలో బార్లీ జావ కలుపుతోంది. ఒకాయన తెగిన తోలుపట్టీ అతుకుతున్నాడు. ఇద్దరు గడ్డి మోసుకొచ్చి గుడారాల్లో పరుస్తున్నారు. కత్తులన్నీ ఓ మూల ఉత్తగా ఆనించి ఉన్నాయి. యుద్ధమంటే నేను అరుపులు, గుర్రాలు అనుకున్నాను. పొద్దున్నుంచీ చూస్తే అంతా ఇంటిపనే.

చూడటానికి వచ్చినవాళ్లు మా చుట్టూ మూగారు. నేనూ ఆ పాతకాలం మనిషిననుకున్నారో ఏమో, ఫోటోలు తీశారు. ఒకామె నా నేత చీర పట్టి చూసి ఏదో అంది.

"ఏ సెంచరీది అని అడుగుతున్నది బాపమ్మా," అని పిల్ల పడీపడీ నవ్వింది.

"మొన్న దసరదని చెప్పు."

జావ కుండ ఆమె నాకో చెక్కగిన్నె నిండా పోసిచ్చింది. ఉప్పు తక్కువైంది. అయినా వదల్లేదు, గిన్నె తుడిచి తిన్నాను.

రెండు దాటాక చివరి కుట్టు వేసి దారం పంటితో కొరికాను. పిల్ల తొడుక్కుంది. రెండు చేతులూ ఒక్కసారిగా ఆకాశానికి ఎత్తింది. ఎత్తినవి దించకుండా గుడారం చుట్టూ పరుగెత్తింది. ఆ జడలావిడ బల్ల దగ్గరికి పోయి, కాగితం మీద పిల్ల పేరుకు ఎదురుగా గీత గీసి, నా వైపు తిరిగి కొంచెం తల వంచింది. నేనూ వంచాను.

మూడింటికి బూర ఊదారు. జనానికి అడ్డంగా కట్టిన తాడు ఇవతల నేను, కోడలు, ఆ రోజు కారులోనే వచ్చిన కొడుకు. పచ్చిక మీద రెండు దళాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మా వాళ్లు గోడ కాచే ఊరివాళ్లు, అవతలివాళ్లు దండెత్తి వచ్చినవాళ్లు. మా పిల్ల రెండో వరుసలో అందరికంటే పొట్టిది. ఇనుప టోపీ కింద ముఖం కనబడలేదు కానీ కోటు కనబడింది. ఎండలో ఆ కుట్లు వరుసగా దుక్కి చాళ్లలా ఉన్నాయి. ఎవరి వరుసలు ఏవో కూడా నాకు తెలుస్తోంది. కిందివైపు రెండు కొద్దిగా వంకర. అవి దానివి.

అరుచుకుంటూ వచ్చి పడ్డారు. డాళ్ల చప్పుడుకు కోడలు నా భుజం పట్టుకుంది. అవతలి నుంచి మొనకు తోలు చుట్టిన పొడుగాటి ఈటె డాళ్ల మీదుగా వచ్చి మా పిల్ల గుండె మీద ధనామని తగిలింది. పిల్ల ఒక్క అడుగు వెనక్కి వేసింది, అంతే. మళ్లీ ముందుకొచ్చి, చేతులు నిండా ఎత్తి, తన ఈటెతో ఆ ఈటెను పక్కకు నెట్టేసింది.

"ఏం కాలేదు!" అని కోడలు ఎగిరింది. "అత్తమ్మా, దానికి ఏం కాలే!"

అది పిల్లకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. యుద్ధం మధ్యలో వెనక్కి తిరిగి, జనంలో నన్ను వెతికి పట్టుకుని, ఈటెను రెండు చేతులతో నెత్తి మీదికెత్తి చూపించింది. టోపీ కింద పళ్లన్నీ కనిపిస్తున్నాయి.

"ముందుకు సూడే! ముందుకు!" అని తాడు మీదికి వంగి అరిచాను.

అదే క్షణాన మా పిల్ల దళం నాయకుడు, మామూలు రోజుల్లో బస్సు డ్రైవరట, నాకంటే గట్టిగా జర్మన్‌లో ఏదో అరిచాడు. పిల్ల గిరుక్కున తిరిగి వరుసలో కలిసిపోయింది.

"ఏమన్నడురా ఆయన?" అని కొడుకుని అడిగాను.

వాడు నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటున్నాడు. "నువ్వన్నదే అవ్వా. ఒక్క మాట తేడా లేదు."